ట్రైలర్ల సైటు పెట్టాలనుకుంటున్న నల్లగొండ తమ్ముడికి

తమ్మీ, నీ ప్రశ్న, దాంతో పెట్టిన సైటు డిజైన్ స్క్రీన్లు రెండూ మంచిగ చూసిన. మిగతావాళ్ళకు అర్థమయ్యేటట్టు ముందు రెండు ముక్కల్లో చెప్తా. నల్లగొండలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న ఈ తమ్ముడు సినిమా ట్రైలర్లు వెతుక్కొని చూసే సైటు పెట్టాలనుకుంటున్నాడు. హోమ్ పేజీలో పైన పెద్ద స్లైడర్ (పక్కకు జరిగే బొమ్మల వరుస), పేజీ తెరవగానే అందులో ట్రైలర్ దానంతటదే మోగాలి. కింద తెలుగు, హిందీ, ఇంగ్లిషు అన్నీ. లాగిన్, స్టార్ రేటింగులు, కామెంట్లు కూడా. అడిగినవి మూడు: ట్రైలర్లు యూట్యూబ్ నుంచి డౌన్‌లోడ్ చేసి మన సర్వర్లో పెట్టుకోవచ్చా, ఏ టెక్నాలజీ వాడాలి, జనం ఎట్లా వస్తారు. నాది పాలమూరు. వీడియోలుండే సైట్ల వెనకాల చాన్నాళ్ళుగా పనిచేస్తున్న కాబట్టి జర పొడుగ్గానే రాస్తున్న.

మొదటిదానికి జవాబు చిన్నది: పెట్టుకోవద్దు. ట్రైలర్ ఫ్రీగా చూపిస్తున్నారంటే ఎవరైనా కాపీ కొట్టుకోవచ్చని కాదు. 1957 కాపీరైట్ చట్టం ట్రైలర్‌కూ వర్తిస్తుంది. యూట్యూబ్ నిబంధనలూ డౌన్‌లోడ్‌ను ఒప్పుకోవు. పైగా ఒక్కో వీడియోను మూడు నాలుగు క్వాలిటీల్లోకి మార్చి, పెద్ద హీరో ట్రైలర్ వచ్చిన రోజు రద్దీని తట్టుకునే బ్యాండ్‌విడ్త్ కొనడం చదువుకునే పిల్లగాడి జేబుతో అయ్యే పని కాదు. ఎంబెడ్ వాడు, అంటే యూట్యూబ్ ప్లేయర్‌నే నీ పేజీలో పొదుగు. ప్లేయర్ వాళ్ళది, సర్వర్ వాళ్ళది. జనం నొక్కి చూస్తే వ్యూ నిర్మాత ఛానెల్‌కే పోతుంది కాబట్టి నీ సైటు మీద ఎవరూ గుర్రుమనరు.

పైన మోగే స్లైడర్ మాత్రం తీసెయ్. 2018లో క్రోమ్ 66 వచ్చినప్పటి నుంచి సౌండుతో దానంతటదే మోగే వీడియోను బ్రౌజరే ఆపేస్తుంది, మ్యూట్ చేస్తేనే నడుస్తుంది. డైలాగు వినబడని తెలుగు ట్రైలర్ ఎవరిక్కావాలి? ఇంకో సంగతి, యూట్యూబ్ ప్లేయర్ ఒక్కటి పేజీలో పెట్టినా, వీడియో మొదలుకాక ముందే అర ఎంబీ పైన స్క్రిప్టులు దిగుతాయి. నీ డిజైన్‌లో ఒక్క హోమ్ పేజీలోనే పన్నెండు ప్లేయర్లున్నాయి. రోజుకు 1.5 జీబీ ప్యాకు మీద నడిచే ఫోనులో, దేవరకొండ అవతల తండాలో రెండు గీతల సిగ్నల్ మీద అది తెరుచుకునేలోపు చూసేటోడు వాట్సాప్‌లోకి పోతాడు.

దీనికి మందు పాతదే. మొదట థంబ్‌నెయిల్ (వీడియో ముఖచిత్రం), దాని మీద ప్లే గుర్తు, అంతే. నొక్కినప్పుడే ప్లేయర్‌ను తెప్పించు. పాల్ ఐరిష్ అనే ప్రోగ్రామర్ రాసిన 'లైట్ యూట్యూబ్ ఎంబెడ్' అనే చిన్న కోడ్ ముక్క ఈ పని చేస్తుంది, నువ్వు కొత్తగా రాసుకోనక్కర్లేదు. చేత్తో రాసుకుంటే ఒకచోట ఇరుక్కుంటావు: కొన్ని ఫోన్లలో మొదటి నొక్కుడుకు ప్లేయర్ వస్తుంది గానీ మోగదు, రెండోసారి నొక్కాల్సి వస్తుంది. నీ దగ్గరున్న ఫోన్ ఒక్కదాంట్లోనే చూసి సరే అనుకోకు. థంబ్‌నెయిల్ సైజు కూడా చూసుకో. కార్డులకు (ఒక్కో సినిమాకు ఒక్కో డబ్బా) 320×180 బొమ్మ సరిగ్గా సరిపోతుంది. 480×360ది తీసుకుంటే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. 1280×720ది అన్ని వీడియోలకూ ఉండదు, అది లేనిచోట కార్డు వికారంగా కనబడుతుంది. బొమ్మ రాకముందే దాని జాగాను 16:9లో పట్టి ఉంచు. లేకపోతే బొమ్మలు దిగుతున్న కొద్దీ పేజీ కిందికి జారి, వేలు ఒక సినిమా మీద పెడితే ఇంకో సినిమా తెరుచుకుంటుంది.

ఇగ అసలు విషయం. ఏ ట్రైలర్ అయినా యూట్యూబ్‌లో ఉంది, అది అందరి ఫోన్లలో ఉంది. మరి నీ దగ్గరికి ఎందుకు రావాలి? పెద్ద సినిమా పేరు యూట్యూబ్‌లో కొట్టి చూడు. గ్లింప్స్, టీజర్, మోషన్ పోస్టర్, లిరికల్ సాంగ్, ప్రోమో, ప్రీ రిలీజ్ ఈవెంట్, ఎవరో కుర్చీలో కూర్చొని ఇచ్చిన రియాక్షన్, ఫ్యాన్స్ కట్ చేసిన దొంగ ట్రైలర్, అదే ట్రైలర్ అయిదు భాషల్లో అయిదుసార్లు. అసలుది ఎక్కడుందో పట్టుకొని, దాని పక్కన ఏ రోజు రిలీజో, అది నిజమైన తేదీయేనో చెప్పేవాడు లేడు. ఆ పని నువ్వు చేస్తే నీకు సైటు ఉన్నట్టు. చేయకపోతే నీది యూట్యూబ్‌కు ఇంకో కిటికీ, అంతే. అందుకని నీ టైములో ఎక్కువ భాగం డిజైన్ మీద కాకుండా డేటాబేస్ మీద పెట్టు.

నీ స్కీమాలో (డేటాబేస్‌లో ఏ టేబుల్‌లో ఏముండాలో చెప్పే పటంలో) 'ట్రైలర్' అని ఒకటే టేబుల్ ఉంది. దాన్ని మూడు చెయ్: సినిమా, వీడియో, విడుదల. సినిమా ఒక్కటే, దాని కింద వీడియోలు ఎన్నైనా. ప్రతి వీడియోకు రకం వేరు, భాష వేరు. పేజీ మాత్రం సినిమాకు ఒకటే ఉండాలి, అందులో భాష మార్చుకునే బటన్లు పెట్టు. ఇది మన జిల్లాలకు ఊరికే చెప్తలేను. నారాయణపేట, మక్తల్, గద్వాల దిక్కు కన్నడ మాట్లాడే ఇండ్లు మస్తున్నాయి, రాయచూరు పక్కనే కదా. పాలమూరు టౌన్‌లో హిందీ వెర్షన్ చూసేవాళ్ళు తక్కువేం లేరు. ఒకే సినిమా అయిదు కార్డులై హోమ్ పేజీ నిండా కనబడితే చిన్న సినిమాలకు జాగా ఎక్కడిది?

విడుదలను వేరే టేబుల్ ఎందుకు చేయమంటున్ననంటే, తెలుగు సినిమా తేదీ అంత నిలకడ లేనిది ఇంకోటి లేదు. థియేటర్ తేదీ ఒకటి, ఓటీటీ తేదీ ఒకటి, డబ్బింగ్ వెర్షన్‌ది ఇంకోటి. పాత సినిమా 4కెలో రీరిలీజ్ అయితే దానికి కొత్త ట్రైలర్, కొత్త తేదీ. అందుకే సినిమా పేరు పక్కన ఏడాది తప్పకుండా పెట్టు, ఒకే పేరుతో రెండు మూడు సినిమాలు ఉండటం మనకు కొత్త కాదు. వాయిదా పడితే పాత తేదీని చెరిపేయకు. 'ముందు చెప్పింది ఫలానా తేదీ, ఇప్పుడిది' అని చూపించు. జనం వెతికేది సరిగ్గా దాన్నే. ఇంకోటుంది, కొత్తవాళ్ళందరూ దీన్ని వదిలేస్తారు: మనవాళ్ళు చాలాసార్లు తేదీ చెప్పరు, 'సంక్రాంతికి వస్తున్నాం', 'దసరా కానుక', 'సమ్మర్ 2027' అంటారు. తేదీ కాలమ్‌లో కచ్చితంగా రోజు, నెల నింపాల్సిందే అని పెట్టుకుంటే అక్కడ జనవరి 1 అని ఏదో ఒకటి కొడతావు, సైటు ఆ రోజే రిలీజ్ అని చాటింపు వేస్తుంది. తేదీతో పాటు అది ఎంత కచ్చితమో చెప్పే ఇంకో కాలమ్ పెట్టు: రోజు తెలుసా, నెల తెలుసా, పండగే తెలుసా, ఏమీ తెల్వదా. ఆ ఒక్క కాలమ్‌తో సగం తప్పులు తగ్గుతాయి.

వీడియోలు ఎట్లా తెచ్చుకోవాలి? యూట్యూబ్ డేటా ఎపిఐ (మన ప్రోగ్రాము యూట్యూబ్‌ను వివరాలు అడిగే దారి) వాడతానన్నావు, మంచిదే. కానీ సినిమా పేరుతో సెర్చ్ చేయిస్తానన్నావు, అది వద్దు. రోజుకు మామూలుగా ఇచ్చే కోటా 10,000 యూనిట్లు. సెర్చ్ చేస్తే రోజుకు వంద సెర్చులకే దుకాణం బంద్. ఒక ఛానెల్ అప్‌లోడ్ల ప్లేలిస్టు అడిగితే ఒక్క యూనిటే. కాబట్టి ఛానెళ్ళ జాబితా తయారు చేసుకో: మైత్రీ, సితార, శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్ లాంటి నిర్మాణ సంస్థలవి, ఆదిత్య మ్యూజిక్, సరిగమ, టీ సిరీస్ లాంటి ఆడియో కంపెనీలవి. చిన్న నిర్మాతలకు సొంత ఛానెల్ సరిగ్గా ఉండదు, వాళ్ళ ట్రైలర్ ఆడియో కంపెనీ ఛానెల్‌లోనే పడుతుంది. అందుకని రెండు రకాలూ కావాలి. అరవై ఛానెళ్ళను అరగంటకోసారి చూసినా రోజుకు 2,880 యూనిట్లే. వచ్చిన వీడియోల వివరాలు ఒకేసారి యాభై దాకా ఒక్క యూనిట్‌కే తెచ్చుకోవచ్చు. దాచుకున్న వివరాలను 30 రోజుల్లో మళ్ళీ తాజా చేయాలి, లేదా తీసెయ్యాలి. అది వాళ్ళ షరతు, స్క్రిప్టులోనే రాసి పెట్టుకో.

ఆ తర్వాత జల్లెడ పట్టాలి. టైటిల్‌లో 'ట్రైలర్' అన్న మాట ఉంటే చాలు అనుకుంటే బోల్తా పడతావు. 'ట్రైలర్ లాంచ్ ఈవెంట్ లైవ్' ఉంటుంది. 'ట్రైలర్ రేపు సాయంత్రం' అని చెప్పడానికి ఇరవై సెకన్ల వీడియో ఒకటి వదులుతారు, దానికి మళ్ళీ పోస్టర్ ఒకటి. మన టైటిళ్ళు దాదాపు అన్నీ ఒకే మూసలో ఉంటాయి: సినిమా పేరు, రకం, నిలువు గీత, హీరో, నిలువు గీత, హీరోయిన్, నిలువు గీత, డైరెక్టర్, చివర్లో మ్యూజిక్. మొదటి గీత ముందున్న ముక్కను మాత్రమే చదివి రకం పట్టుకో, దానికి నిడివి తోడు చెయ్. నలభై సెకన్ల లోపుదైతే ప్రకటనో ప్రోమోనో అయి ఉంటుంది, పది నిమిషాలు దాటితే ఫంక్షన్. మన ట్రైలర్లు ఎక్కువగా రెండు నుంచి మూడున్నర నిమిషాల మధ్య ఉంటాయి. ఇంత చేసినా మిషన్‌కు పూర్తిగా వదిలేయకు. అనుమానం ఉన్నవన్నీ ఒక వరుసలో ఆగి, నువ్వు ఫోన్‌లో చూసి 'ఓకే' నొక్కితేనే సైటు మీదికి పోవాలి. రోజూ చేయాల్సిన పనే గానీ బరువు కాదు, చాయ్ తాగేలోపు అయిపోతుంది.

దొంగ ట్రైలర్ల లొల్లి ఈ మధ్య పెరిగింది. పాత సీన్లు, ఏఐ బొమ్మలు కలిపి 'కాన్సెప్ట్ ట్రైలర్' అని వదులుతున్నారు. 2025లో అట్లాంటి పెద్ద ఛానెళ్ళు రెండింటికి యూట్యూబ్ యాడ్ ఆదాయం ఆపేసిందంటే చూసుకో. నీకు పైన చెప్పిన ఛానెళ్ళ జాబితానే కాపలా. జాబితాలో లేని ఛానెల్ వీడియో ఎంత బాగున్నా, ఎన్ని లక్షల వ్యూలున్నా లోపలికి రానివ్వకు.

వెతకడం దగ్గరికి వద్దాం. మనోళ్ళు తెలుగు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, ఎవరి స్పెల్లింగు వాళ్ళది. 'లక్ష్మి'లో ఒకరు కె ఎస్ హెచ్ పెడతారు, ఒకరు ఎక్స్‌తో సరిపెడతారు. 'శ్రీ'కి మూడు రకాలు. నిర్మాతేమో న్యూమరాలజీ చూపించుకొని ఎక్కడో ఒక 'ఎ' ఎక్కువ తగిలిస్తాడు. అందుకని టైటిల్‌నూ, జనం కొట్టిన మాటనూ రెండింటినీ ఒకే పద్ధతిలో నలగ్గొట్టు: జంటగా వచ్చిన అక్షరాలను ఒకటి చెయ్, హల్లు పక్కనున్న హెచ్ తీసెయ్, డబ్ల్యూని వీగా, జెడ్‌ను జేగా, ఎక్స్‌ను కేఎస్‌గా మార్చు. అప్పుడు రెండూ కలుస్తాయి. దీనికి తోడు మారుపేర్ల టేబుల్ ఒకటి కావాలి, ఫ్యాన్స్ పొడి అక్షరాలతో పిలిచే పేర్లు అందులో పెట్టు. తెలుగు లిపిలో కొట్టేవాళ్ళ కోసం యూనికోడ్‌ను (కంప్యూటర్ అక్షరాలను దాచే సంకేతాలను) ఒకే రూపంలోకి తెచ్చుకొని, మధ్యలో కనబడకుండా దూరే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తును వెతికేటప్పుడు తీసెయ్. లేకపోతే కళ్ళకు ఒకేలా కనబడే రెండు పేర్లు కంప్యూటర్‌కు వేరువేరు. దొరకని మాటలన్నీ లాగ్‌లో (రికార్డు ఫైలులో) పడేటట్టు చేసుకొని వారానికోసారి చదువు. మారుపేర్ల టేబుల్‌ను నింపేది ఆ లాగే.

తెలుగు కనబడే తీరు గురించి ఒకటి చెప్పాలె. నీ కార్డుల మీద సినిమా పేరు తెలుగులో పెట్టావు, సంతోషం. కానీ లైన్ ఎత్తు ఇంగ్లిషు లెక్కలో 1.2 పెట్టి, మిగిలింది దాచేయమన్నావు. నీ రెండో స్క్రీన్‌లోనే చూడు, 'కృష్ణ' అన్నచోట కింద ణ వత్తు సగం తెగిపోయి ఉంది. 1.6కు తక్కువ పెట్టకు. పరీక్షకు 'స్వాతంత్ర్యం' అని కొట్టి చూడు, త కింద ర, య రెండూ పూర్తిగా కనబడితే ఏ పేరైనా పడుతుంది. ఫాంట్ నోటో సాన్స్ తెలుగు చాలు, టైటిల్‌కు కావాలంటే రామభద్ర వాడుకో. రెండుకు మించి దించితే ఫోన్ మీద బరువు. అక్షర క్రమంలో పెట్టేటప్పుడు జావాస్క్రిప్ట్‌లో (బ్రౌజర్ నడిపే కోడ్ భాషలో) ఉన్న ఇంటల్ కొల్లేటర్ అనే వరుస పెట్టే పనిముట్టుకు తెలుగు అని చెప్పు.

హోమ్ పేజీలో ఏముండాలి? వ్యూల వరుస మాత్రం వద్దు. 24 గంటల్లో ఎన్ని మిలియన్లు అన్నది ఫ్యాన్స్ కొట్లాట, అందులో యాడ్లు పెట్టి కొనుక్కున్న వ్యూలూ కలుస్తాయి. ఆ వరుస పెడితే నాలుగు పెద్ద సినిమాలు నెలంతా పైనే కూర్చుంటాయి. రిలీజ్‌కు ఎంత దగ్గర ఉంటే అంత పైన పెట్టు. మొదట ఈ శుక్రవారం వచ్చేవి, తర్వాత ఈ వారం వచ్చిన కొత్త ట్రైలర్లు, తర్వాత ఓటీటీలో దిగేవి, అట్టడుగున తేదీ తేలనివి. ఫిల్టర్లు ఎక్కువ వద్దు, భాష, రకం చాలు. నా మాట వింటే 'తెలంగాణ యాస' అని ఒక గుర్తు చేత్తో పెట్టుకుంటూ పో. అది ఏ పెద్ద సైటులోనూ దొరకదు, మన దిక్కు వెతికేవాళ్ళు ఉన్నారు.

ఇంకొంచెం కష్టపడగలిగితే, నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ టాకీసుల్లో ఈ వారం ఏ సినిమా పడుతోందో సినిమా పేజీలో రాయి. 2021 సెప్టెంబరులో పాలమూరులో ఏవీడీ మల్టీప్లెక్స్ మొదలయ్యాక హిందీ, ఇంగ్లిషు సినిమాలకు కూడా 'మన దగ్గర ఆడుతుందా' అన్న ప్రశ్న వస్తోంది. ఈ సమాచారం గురువారం రాత్రి ఫోన్లు చేసి చేత్తో ఎక్కించాలి. ముందు ఒక్క నల్లగొండతో మొదలుపెట్టు. జిల్లాలో ఉండేవాడికి తప్ప హైదరాబాద్‌లో కూర్చున్నవాడికి ఈ ఓపిక ఉండదు, నీ అడుగు నిలిచేది అక్కడే.

జనం వచ్చేది రెండు దార్లలో: గూగుల్, వాట్సాప్. గూగుల్ 2023 డిసెంబరు నుంచి, పేజీలో వీడియోనే ముఖ్యమైతేనే వీడియో ఫలితంగా చూపిస్తోంది. ఇరవై ట్రైలర్లున్న పేజీకి ఆ చోటు దక్కదు. అందుకని సినిమాకో పేజీ, పైనే ట్రైలర్, గూగుల్ చదివే స్కీమా గుర్తుల్లో (డేటాబేస్ స్కీమా కాదు) పేరు, థంబ్‌నెయిల్, అప్‌లోడ్ తేదీ తప్పకుండా. సెన్సార్ అయ్యాక సర్టిఫికెట్ కూడా రాయి. 2023 సవరణ తర్వాత యూఏ మూడు రకాలైంది: 7+, 13+, 16+. పిల్లలున్న ఇండ్లలో అడిగేది అదే. వాట్సాప్ మాత్రం జావాస్క్రిప్ట్ నడపదు. గ్రూపులో లింకు పెడితే బొమ్మ, పేరు రావాలంటే ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు (పేరు, బొమ్మ చెప్పే గుర్తులు) సర్వర్ నుంచి వచ్చే పేజీలోనే ఉండాలి. అన్నట్టు, నువ్వు ట్రైలర్‌ను పాపప్‌లో తెరుస్తున్నావు. ఫోన్‌లో బ్యాక్ నొక్కితే పాపప్ మూసుకోవాలి గానీ సైటే మూసుకుపోతే మనిషి మళ్ళీ రాడు.

కొన్నాళ్ళకు వీడియోలు చచ్చిపోతుంటాయి. ప్లేయర్ 100 అని ఎర్రర్ ఇస్తే వీడియో తీసేశారు, లేదా దాచేశారు. 101, 150 రెండూ ఒకటే, బయటి సైట్లలో ఆడనివ్వమని ఓనరు చెప్పినట్టు. 153 వస్తే తప్పు నీ వైపు: నీ పేజీ రెఫరర్ (ఏ సైటు నుంచి అడుగుతున్నామో చెప్పే సమాచారం) పంపడం లేదు, రెఫరర్ పాలసీని సరిచెయ్. వయసు పరిమితి పెట్టిన వీడియోలు కూడా బయట ఆడవు. రాత్రిపూట స్క్రిప్టు ఒకటి అన్ని ఐడీలనూ చూసి, ఆడనివాటికి ప్లేయర్ బదులు యూట్యూబ్ లింకు పెట్టేటట్టు చెయ్. వీడియో అయిపోగానే యూట్యూబ్ వేరే వీడియోలు చూపిస్తుంది, 2018 నుంచి దాన్ని పూర్తిగా ఆపే దారి లేదు. ప్లేయర్ మీద నీ బొమ్మ కప్పకూడదు. అయిపోయాక ప్లేయర్‌ను తీసేసి మళ్ళీ థంబ్‌నెయిల్ పెట్టుకో.

లాగిన్, రేటింగులు, కామెంట్లు మూడూ కొట్టెయ్. ట్రైలర్‌కు స్టార్లు ఎవరి ఫ్యాన్స్ వాళ్ళు వేసుకుంటారు. కామెంట్ల పెట్టె తెరిస్తే హీరోల తిట్లు కడగడానికే నీ చదువు సగం పోతుంది. లాగిన్ పెడితే 2023 డేటా రక్షణ చట్టం కింద పద్దెనిమిదేళ్ళు నిండని వాళ్ళకు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి, నీ సైటుకు వచ్చేవాళ్ళలో ఇంటర్ పిల్లలే ఎక్కువ. చూడాలనుకున్న సినిమాల జాబితా ఫోన్ బ్రౌజర్‌లోనే దాచు. రిలీజ్ గుర్తుచేయడానికి క్యాలెండర్ ఫైలు ఇవ్వు, ఎవరి వివరాలూ నీకు అక్కర్లేదు.

టెక్నాలజీకి పెద్దగా పరేషాన్ కాకు. పైథాన్ స్క్రిప్టు, ఎస్క్యూలైట్ (ఒకే ఫైలులో ఉండే డేటాబేస్), స్టాటిక్ పేజీలు (ముందే తయారుచేసి పెట్టినవి), సరిపోతుంది. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే హోస్టింగు ఫ్రీ ప్లాన్‌లో నెలకు 500 బిల్డులే (బిల్డు అంటే సైటు పేజీలను మళ్ళీ తయారుచేయడం), అందుకని అరగంటకోసారి కాకుండా నువ్వు 'ఓకే' నొక్కినవి ఉన్నప్పుడే బిల్డు చెయ్. ఎపిఐ కీ (నీ కోటాకు తాళంచెవి లాంటిది) బ్రౌజర్ కోడ్‌లో పెట్టకు.

డబ్బు సంగతి అడగలేదు గానీ అడుగుతావు. ఎంబెడ్ చేసిన వీడియో తప్ప వేరే ఏమీ లేని పేజీలో యాడ్లు అమ్మడం యూట్యూబ్ ఒప్పుకోదు. నీ సొంత సమాచారం దానికదే చదవదగ్గట్టు ఉండాలి. తేదీల చరిత్ర, టాకీసుల వివరాలు, నాలుగు వాక్యాల పరిచయం అందుకు పనికొస్తాయి. నటుల వివరాలకు టీఎండీబీ (సినిమాల సమాచారం ఉండే డేటాబేస్ సైటు) వాడతానన్నావు. వ్యాపారం కాని వాడకానికి ఫ్రీ, వాళ్ళ పేరు, లోగో పెట్టాలి. యాడ్లు పెట్టిన రోజు నుంచి అది వ్యాపారం కిందికి వస్తుంది, వాళ్ళతో వేరే ఒప్పందం కావాలి. కాబట్టి మొదటి ఆరు నెలలు యాడ్లు లేకుండా నడుపు. ముందు ఆ మూడు టేబుళ్ళ కాలమ్‌లు రాసి ఇక్కడ పెట్టు, చూసి చెప్తా. స్లైడర్ రంగుల గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.